శ్రీనివాసరావు మాస్టారి ఎడమచేతి సంతకం

మా హైస్కూల్లో పదో తరగతికి ఆటల పీరియడు ఉందన్న సంగతి గోడకు అంటించిన టైంటేబులుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి, రెండూ చివరి పీరియడే. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే లెక్కల శ్రీనివాసరావు మాస్టారు ఆ రెండిటినీ తీసేసుకుంటారు. ఏటా అంతే. బెల్లు కొట్టగానే గ్రౌండుకి పరిగెత్తుదామని చెప్పులు చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్న పిల్లలు, ఆయన సుద్దముక్కతో గుమ్మంలో కనపడగానే మళ్ళీ బల్లల కింద కాళ్ళు ముడుచుకుంటారు. డ్రిల్లు మాస్టారు సొలొమోను గారు మెడలో ఈల వేసుకుని వరండా స్తంభం దగ్గర కాసేపు నిలబడి, ఇక పనిలేదని తెలిశాక వంటషెడ్డులో ఉన్న నా దగ్గరికి వచ్చేవారు. మర్నాటికి గుడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటికి ఫొటో తీసి, ఫోనులో పైవాళ్ళకి పంపించే పని ఆయనకి అంటగట్టారు.

"పిల్లల్ని పరిగెత్తించాల్సినవాణ్ణి, గుడ్లకి ఫొటోలు తీస్తున్నాను రాజేశ్వరమ్మ గారూ," అనేవారు పాపం.

"గుడ్లు కదలవు కదండీ, ఫొటో బాగా వస్తుంది," అనేదాన్ని నేను.

ఆ బళ్ళో మధ్యాహ్న భోజనం వండబట్టి నాకు పందొమ్మిదేళ్ళు. మా ఇంట్లో మగ్గం ఉంది, మా అబ్బాయి చౌడయ్య నేస్తాడు. నా చేతులు మగ్గం మీద ఆగిపోయాక గరిట పట్టుకున్నాను. వంటషెడ్డుకి సరిగ్గా ఎదురుగా పదో తరగతి కిటికీ. నా చదువు మూడో తరగతితో ఆగింది గానీ, ఏ ప్లస్ బీ హోల్ స్క్వేరు ఆ కిటికీలోంచి పందొమ్మిదేళ్ళు విన్నాను. పప్పు ఎనుపుతూ గడగడా చెప్పేస్తాను. దానితో ఏం చేయాలో మాత్రం తెలియదు. పిల్లల్లో సగంమందికీ తెలియదనుకోండి.

పిల్లలు మాత్రం ఒక్కరు కూడా నా మనసులోంచి పోలేదు. ఇప్పుడు బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపు పెట్టిన ధనుంజయ్ ఉన్నాడు చూడండి, ఆరో తరగతిలో గుడ్డులో పచ్చసొన తినేవాడు కాదు. గుట్టుగా తీసి ముందు బెంచీ వాడి జేబులో వేసేవాడు. మొన్న షాపుకి వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "పచ్చసొన తింటున్నావా నాయనా?" అన్నాను. పనివాళ్ళందరూ చూస్తుంటే సిగ్గుపడిపోయాడు.

అసలు సంగతికి వస్తాను. మా మనవరాలు చౌడేశ్వరి అప్పుడు పదో తరగతి. ఖోఖో జట్టుకి కెప్టెను. కెప్టెను అంటే పేరుకే, ఆడడానికి పీరియడు ఉంటే కదా. అంతకుముందు ఏడాది మైలవరంలో జరిగిన మండలం ఆటలకి వెళ్ళి మొదటి మ్యాచిలోనే ఓడిపోయి వచ్చారు. ఓడిపోయినందుకు కాదు దాని బాధ. ఖోఖోలో వరసగా కూర్చునేటప్పుడు ఒకరు ఇటు తిరిగితే పక్కవాళ్ళు అటు తిరిగి కూర్చోవాలట. మావాళ్ళు కంగారులో నలుగురు ఒకే వైపు తిరిగి కూర్చున్నారు. అవతలి జట్టు పిల్ల ఒకత్తి, "మీరు బస్సు కోసం కూర్చున్నారా?" అందట. ఆ మాట దీని గుండెలో ముల్లులా దిగిపోయింది. మళ్ళీ ఆటలు సెప్టెంబరు నెలాఖరుకి. అదే దానికి ఆఖరు అవకాశం. పది అయ్యాక ఇంటర్లో చేరేది బెజవాడలో ఐదంతస్తుల మేడలో. అక్కడ గ్రౌండు ఉండదు, లిఫ్టు ఉంటుంది.

ఆగస్టులో ఒక శుక్రవారం అది ధైర్యం చేసి క్లాసులో లేచి అడిగింది. నేను కిటికీ ఇవతల వంకాయలు తరుగుతున్నాను.

"సార్, ఒక్క మంగళవారం మాకు ఇవ్వండి సార్. మైలవరం ఆటలున్నాయి."

"ఖోఖో ఆడితే త్రికోణమితి వస్తుందా?" అన్నారు మాస్టారు.

"రాదు సార్. త్రికోణమితి చేసినా ఖోఖో రావట్లేదు సార్."

క్లాసంతా నవ్వింది. అది ఆ పీరియడంతా నిలబడింది. మాస్టారు చెడ్డవాడని కాదు. ఆయన బాధ ఆయనది. బెల్లు కొట్టాక దాన్ని పిలిచి మెల్లిగా చెప్పారు. "చూడమ్మా, రిజల్ట్సు వచ్చాక మీటింగులో ఫెయిలైనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ నా చేతే చదివిస్తారు. నువ్వు పీరియడంతా నిలబడ్డావు, నేనక్కడ పూటంతా నిలబడాలి. నీకు యూనిట్ టెస్టులో వచ్చినవి వందకి ముప్పై ఒకటి. ఆ పేర్లలో నీ పేరు చదవడం నాకిష్టం లేదు."

చౌడేశ్వరి పుస్తకాల సంచీ తగిలించుకుంది. ఇంటికి వచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

మా బళ్ళో సెప్టెంబరు ఐదున సెల్ఫ్ గవర్నమెంటు డే చేస్తారు. ఆ ఒక్కరోజు పదో తరగతి పిల్లలే టీచర్లు. ఆడపిల్లలు చీరలు కట్టి, మగపిల్లలు నాన్నల ప్యాంట్లు బెల్టుతో బిగించి వచ్చి చిన్న క్లాసులకి పాఠాలు చెప్తారు. హెడ్మాస్టర్ని ఓట్లు వేసి ఎన్నుకుంటారు. అటెండరు జక్కయ్య వేషం వేసినవాడు బెల్లు దగ్గర కునికిపాట్లు పడతాడు. అసలు జక్కయ్య పక్కన నిలబడి, "నేనంతసేపు పడను," అంటాడు.

ఇంకొక అలవాటు మా హెచ్చెం బాలసరస్వతి మేడమ్ గారు పెట్టింది. ఆ రోజు పిల్ల హెచ్చెం సర్క్యులర్ పుస్తకంలో ఒకే ఒక్క ఆర్డరు రాయవచ్చు. స్టాఫు అందరూ చదివి సంతకం పెడితే అది నిజంగానే అమలవుతుంది. ఒక్కరు పెట్టకపోయినా చెల్లదు. సెలవు మాత్రం ఇవ్వకూడదు. మొదటి ఏడాది జయదేవ్ అనే పిల్లాడు హెచ్చెమై వారంరోజులు సెలవని రాశాడు, అప్పటినుంచి ఆ షరతు పెట్టారు. ఆ తర్వాత పిల్లలు కుళాయికి కొత్త పిడి పెట్టించాలనీ, ప్రేయర్లో ఎండ తగలకుండా చెట్టు వైపు నిలబెట్టాలనీ, అలాంటివే రాస్తూ వచ్చారు. టీచర్లూ నవ్వుకుంటూ సంతకాలు పెట్టేవారు.

ఆ ఏడు ఓట్లలో చౌడేశ్వరి గెలిచింది.

ముందురోజు సాయంత్రం నా పక్కన చేరి చింతపండు గింజలు తీస్తూ అడిగింది. "నానమ్మా, శ్రీనివాసరావు సార్ ఎప్పుడు మంచిగా ఉంటారు?"

"ఎందుకే?"

"ఊరికే. నీకన్నీ తెలుసు కదా."

నాకు అన్నీ తెలుసు అంటే ఇంక ఆగుతానా. చెప్పాను. "మంగళవారం పులిహోర తినేటప్పుడు. మొదటి ముద్ద నుంచి విస్తరి ఖాళీ అయ్యేదాకా తల ఎత్తరు. ఒకసారి వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు నా పులిహోరే తిన్నారు. అందులో ఇంగువ కాస్త ఎక్కువేస్తే ఇక ఆయనకి లోకం పట్టదు."

"రేపు మంగళవారమే కదా నానమ్మా," అంది అది. "ఇంగువ ఎక్కువెయ్యి."

నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్తుంది, చెప్తే వద్దనాలి.

మర్నాడు మా మగ్గం మీద నేసిన ఆకుపచ్చ చీర కట్టి పంపాను. కుచ్చిళ్ళకి ఆరు పిన్నులు పెట్టాను. హెచ్చెం కుర్చీలో దాన్ని చూస్తే నాకే లేచి నమస్కారం పెట్టాలనిపించింది. బాలసరస్వతి మేడమ్ గారు సర్క్యులర్ పుస్తకం దాని చేతిలో పెట్టి, తను వెళ్ళి ఏడో తరగతి బెంచీలో కూర్చున్నారు. పొద్దున రెండో పీరియడులో ఆర్డరు రాశారు. రాసింది దీవెన. మావాళ్ళ జట్టులోనే ఆడుతుంది. దాని అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఆ రోజు దానికి క్లర్కు వేషం ఇచ్చారు. ఒక్కొక్క టీచరు దగ్గరికీ అదే పుస్తకం పట్టుకెళ్ళింది. తెలుగు మేడమ్ శాంభవి గారు చదివి, నవ్వి, పెట్టారు. సొలొమోను గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి పెట్టారు. బాలసరస్వతి మేడమ్ గారు చదివి, "అందరూ పెట్టాలి సుమా," అని మాత్రం అన్నారు. మధ్యాహ్నానికి మిగిలింది ఒక్కరే.

భోజనాల బెల్లు కొట్టారు. నేను స్టాఫు రూములో పులిహోర, టమాటా పచ్చడి, గుడ్డు వడ్డించాను. శ్రీనివాసరావు మాస్టారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూశారు. అప్పుడు వచ్చింది దీవెన, వాళ్ళమ్మ చీరలో, చంకలో పుస్తకంతో.

"సార్, సర్క్యులర్ సార్."

"ఏమ్మా క్లర్కు గారూ," అన్నారాయన నములుతూ. "నిన్న టెస్టులో నాలుగో లెక్క ఏం చేశావు? వైశాల్యం అడిగితే చుట్టుకొలత రాశావు. ప్రశ్న రెండుసార్లు చదవాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు చెప్పారు సార్."

"మరి?"

"ఇక నుంచి చదువుతాను సార్. మీరు కూడా ఇది చదివి పెట్టండి సార్."

"నాకు చెప్తున్నావా? ఇరవై ఎనిమిదేళ్ళుగా పెడుతున్నాను ఈ పుస్తకాల్లో. ఏదీ, ఎక్కడ?"

కుడిచేతి నిండా పులిహోర. ఎడమచేత్తో పెన్ను అందుకున్నారు. పుస్తకం నా వైపుకి తలకిందులుగా ఉంది. నాకు చదవడం నిదానంగానే వస్తుంది, కానీ దీవెన అంత పెద్ద అక్షరాలు రాస్తే తలకిందులుగానైనా రాకపోదు. 'ఆటలు' అన్న మాట చదివాను. 'లెక్కలు చెప్పరాదు' అన్నది చదివేసరికి నా చేతిలో గరిట ఆగిపోయింది. దీవెన నా వైపు చూసింది. బైబిలు మీద చెయ్యి పెట్టినట్టు పుస్తకం మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది పిల్ల.

"ఇంకాస్త వెయ్యమంటారా మాస్టారూ?" అన్నాను.

"వెయ్యండి, వెయ్యండి. ఇవాళ ఇంగువ బాగా పడింది," అంటూ ఆయన 'చదివితిని' అన్న మాట కింద సంతకం గిలికేశారు.

చివరి పీరియడు హాల్లో మీటింగు. పిల్ల టీచర్లు స్టేజీ మీద, అసలు టీచర్లు కింద బెంచీల మీద. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చౌడేశ్వరి లేచి పుస్తకం తెరిచింది. మైకు అక్కర్లేని గొంతు దానిది, ఆ రోజు మాత్రం సన్నగా వచ్చింది.

"రేపటినుంచి పదో తరగతికి మంగళ, శుక్రవారాల చివరి పీరియడు ఆటలకే కేటాయించడమైనది. ఆ పీరియడులో లెక్కలు చెప్పరాదు. స్టాఫు అందరూ చదివి సంతకం చేసి ఉన్నారు."

 తలలన్నీ ఒకేసారి మూడో బెంచీ వైపు తిరిగాయి. శ్రీనివాసరావు మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఆ పుస్తకం ఇటివ్వు."

చౌడేశ్వరి స్టేజీ దిగి ఇచ్చింది. దాని చెయ్యి కుచ్చిళ్ళని పట్టుకుని ఉంది. ఊడిపోతాయని కాదు, ఏదో ఒకటి పట్టుకోవాలని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పెదవులు కదులుతున్నాయి. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చారు. వెనక వరసలో ఎవడో, "రెండోసారి," అన్నాడు మెల్లిగా.

"ఈ సంతకం ఎవరిది?"

"మీదే సార్," అంది చౌడేశ్వరి.

"నాది ఇలా ఉండదే."

"ఎడమచేత్తో పెట్టారు సార్," అంది దీవెన స్టేజీ మీంచి. "కుడిచేతికి పులిహోర ఉంది సార్."

ఆరో తరగతి పిల్లలు ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. బాలసరస్వతి మేడమ్ గారు సర్దబోయారు. "పోనీలెండి మాస్టారూ, పిల్లల సరదా. మీకు ఇష్టం లేకపోతే కొట్టేద్దాం."

అప్పుడు చూశాను నా మనవరాలి మొహం. ఇంకొక్క మాట పడితే ఏడుస్తుంది. హెచ్చెం వేషంలో ఉంది కాబట్టి ఏడవకూడదని నిలబడింది. నాలుగువందల మందిలో అది నవ్వడంలేదు, ఆయన నవ్వడంలేదు.

"కొట్టెయ్యడం ఎందుకండీ," అన్నారు మాస్టారు. పుస్తకం మూశారు. "ఒరే పిల్లలూ, ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే నేను మార్కులిస్తానా?"

"ఇవ్వరు సార్," అన్నారు నాలుగువందల మంది.

"అడిగేవాళ్ళకి దయ చూపిస్తానా?"

"చూపించరు సార్." ఈసారి ఇంకా గట్టిగా.

"అయితే నాకూ చూపించక్కర్లేదు. సంతకం నాదే. ఆర్డరు ఆర్డరే."

పిల్లలు బెంచీలు ఎక్కేశారు. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఆగండి. చివరి పీరియడులో లెక్కలు చెప్పరాదని రాశారు. పొద్దున ఎనిమిదింటికి చెప్పరాదని రాయలేదు. రేపటినుంచి మంగళ, శుక్రవారాల్లో పదో తరగతి ఎనిమిదింటికి రావాలి. మీరైనా రాశాక ఇంకోసారి చూసుకోవాల్సింది."

పదో తరగతి వాళ్ళ మొహాలు చూడాలి. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. సొలొమోను గారు మాత్రం ఆగలేక హాల్లోనే ఈల ఊదారు. వాడక వాడక మొదట గాలే వచ్చింది. రెండోసారికి మోగింది.

సాయంత్రం గిన్నెలు తోముకుంటుంటే మాస్టారు షెడ్డు దగ్గరికి వచ్చారు.

"రాజేశ్వరమ్మ గారూ, మీరు అక్కడే ఉన్నారు కదా. మీరు చూశారు కదా."

"చూశానండి."

"మరి చెప్పలేదేం?"

"మీరు పులిహోర అడిగారండి. చదివిపెట్టమని అడగలేదు."

 పందొమ్మిదేళ్ళలో ఆయన గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను. నవ్వి, "మీ మనవరాలికి లెక్కలు రావని ఎవరన్నారు? ఎప్పుడు ఏది ఎవరి ముందు పెట్టాలో లెక్క కట్టింది," అని వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం పిల్లలు గ్రౌండులోకి వెళ్ళారు. మాస్టారు కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డారు, చేతిలో లెక్కల పుస్తకం. లెక్కలు చెప్పడానికి కాదట, ఖాళీ చేతులతో నిలబడడం అలవాటు లేక. పావుగంట ఊరుకున్నారు. తర్వాత చౌడేశ్వరి వరస చివర పాతిన కొయ్య చుట్టూ తిరిగి వస్తుంటే, "అంత దూరంగా ఎందుకు తిరుగుతావమ్మా? కొయ్యకి దగ్గరగా తిరుగు, నాలుగడుగులు కలిసొస్తాయి," అన్నారు. అది అలాగే తిరిగింది, పరిగెత్తే పిల్ల దొరికింది. అంతే, పుస్తకం గోడ మీద పెట్టేశారు. వారం తిరిగేసరికి సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తూ, ఎవరు ఎక్కడ కూర్చోవాలో సొలొమోను గారితో వాదిస్తున్నారు. సొలొమోను గారు, "మాస్టారూ, ఇది నా పీరియడండీ," అంటే, "ఉండవయ్యా," అనేవారు.

పొద్దున ఎనిమిదింటి క్లాసు మాత్రం మానలేదు. మొదట పిల్లలు కునుకుతూ వచ్చేవారు. నేను అటుకుల ఉప్మా చేసి పెట్టడం మొదలుపెట్టాక ఏడూ ముప్పావుకే రాసాగారు. చౌడేశ్వరి ముప్పై ఒకటి తర్వాతి టెస్టుకి యాభై దాటింది.

మైలవరం ఆటలకి నేనూ వెళ్ళాను, వండిన పులిహోర డబ్బాలతో. మొదటి మ్యాచి ఆ బస్సు అన్న పిల్ల జట్టుతోనే పడింది. మావాళ్ళు ఒకరు ఇటు, ఒకరు అటు, గీత గీసినట్టు కూర్చున్నారు. గెలిచారు. ఆట అయ్యాక చౌడేశ్వరి ఆ పిల్ల దగ్గరికి వెళ్తుంటే ఏమంటుందోనని భయపడ్డాను. "మా నానమ్మ పులిహోర తెచ్చింది, తింటావా?" అంది. ఆ పిల్ల రెండుసార్లు వేయించుకుంది.

ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. నిజంగా ఓడిపోయారా అంటే శ్రీనివాసరావు మాస్టారు ఇప్పటికీ ఒప్పుకోరు. ఆఖరి నిమిషంలో చౌడేశ్వరి చెయ్యి అవతలి పిల్ల జడకి తగిలిందని ఆయన అంటారు. తగల్లేదని రిఫరీ అన్నాడు. మాస్టారు గ్రౌండులోకి దిగి, అడుగులతో దూరం కొలిచి, దాని చెయ్యి ఎంత పొడవో, జడ ఎంత పొడవో నేల మీద బొమ్మ గీసి నిరూపించబోయారు. సొలొమోను గారూ, పిల్లలూ కలిసి నడుం పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు. కప్పు రాలేదు. అయినా తిరుగు బస్సులో మా ఊరు వచ్చేదాకా ఒక్కరూ నోరు మూయలేదు. మా మనవరాలు కిటికీ పక్క కూర్చుని, ఓడిపోయినదాని మొహం పెట్టడం కూడా మర్చిపోయింది. దాన్నీ దీవెననీ మండలం జట్టులోకి తీసుకున్నారని సొలొమోను గారు బస్సులో నాలుగుసార్లు చెప్పారు.

మర్నాడు మాస్టారికి గొంతు పూర్తిగా పోయింది. క్లాసులో బోర్డు మీద రాయడం, సుద్దముక్కతో చూపించడం, అంతే. అడిగేదీ చెప్పేదీ పిల్లలే. కిటికీలోంచి లెక్కలన్నీ పిల్లల గొంతుల్లో వినపడుతుంటే నాకు గరిట సాగలేదు. మిరియాల పాలు కాచి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన తాగి, గ్లాసు ఇస్తూ, జేబులోంచి చిన్న కాగితం తీసి ఏదో రాసి నా చేతిలో పెట్టారు. షెడ్డులోకి వచ్చి వెలుతురులో నిదానంగా చదువుకున్నాను.

'శుక్రవారం నాలుగింటికి గ్రౌండుకి టీ పంపండి. రెండు. ఒకటి సొలొమోనుకి. చక్కెర ఎక్కువ వద్దు, ఆట మధ్యలో నిద్ర వస్తుంది.'